చేతిదీపము చేసిన మేలు

ఆనకట్టలను గూర్చియు, విద్యుత్కేంద్రములను గూర్చియు, రైలుమార్గములను గూర్చియు వ్రాయుటకు పత్రికలలో చోటు ఎల్లప్పుడును లభించును. చేతిలో పట్టుకొని పోవు చిన్న వస్తువులను గూర్చి వ్రాయువారు అరుదు. అవి పనిచేసినంత కాలము వాని నెవ్వరును తలపరు; చెడినదినమున మాత్రము తిట్టుదురు. ఇటీవల మేము ఒక భూమి వ్యవహారమున ప్రాత దస్తావేజులను చూచుటకై కోయంబత్తూరు, దక్షిణ మధుర మండలములలోని ప్రాచీనాంధ్ర నివాసములకు పోయి కొన్ని దినములు గడపితిమి. పోయిన పని దస్తావేజులది. తెచ్చుకొన్న తలపు టార్చిలైటుది. మీట నొక్కినంతనే గది వెలుగుట కలవాటుపడిన ఈ రాజధానీ నగరపు తెలుగు సోదరులకు ఈ తలపు కొంత వింతగ తోచినను, నిరుపయోగము కాదని మా నమ్మకము.

పల్లడము దాపున నున్న యొక గ్రామమునకు మేము చేరుసరికి రాత్రి తొమ్మిది గంటలు దాటినది. బస్సు దిగిన చోటినుండి ఊరిలోనికి కొబ్బరితోటల నడుమ మట్టిబాట. మాకు ఆతిథ్యమిచ్చిన కమ్మవారి యింటి పెద్ద, ఎనుబది యేండ్ల వృద్ధుడు, మమ్ము తోడ్కొని పోవుటకు తానే బాట మొదటికి వచ్చియుండెను. ఆయన చేతిలో నొక టార్చిలైటు. పైపూత యంతయు అరిగిపోయి లోని ఇత్తడి బయటపడినది. నిత్యము బొటనవ్రేలు తాకు చోట మీట నునుపెక్కి మెఱయుచుండెను. మేము దానిని తేఱిపాఱ చూచుట గమనించి ఆయన నవ్వి, తమ యింటి తెలుగులో ఇట్లనెను: “మా నైనా కొన్నదయ్యా ఇది. రెండేండ్లు వస్తే చాలనుకొని కొన్నాడు. ఆయన పోయి ముప్పై యేండ్లయింది, ఇది పోలేదు.”

భోజనానంతరము ఆయన దాని కథ సాంతముగ చెప్పెను. కొన్న కొన్నేండ్లకు, వాన కురియుచున్న యొక రాత్రి, బావికిని ఇంటికిని నడుమ బల్బు కాలిపోయెను. దీపము పని తీఱినదని తండ్రిగారు తలచి, తడిసి, తడుముకొనుచు ఇల్లు చేరిరి. మఱునాడు పల్లడములో దుకాణదారు దాని అడుగు మూత విప్పి, లోపల భద్రముగ అమర్చియున్న మఱియొక బల్బును తీసి చూపెను. కొన్ననాటినుండి అది అచ్చటనే యున్నది. కొన్నవానికి తెలియదు, అమ్మినవాడు చెప్పలేదు. చీకటిలో తడుముకొన్న మనుష్యుని చేతిలోనే చీకటికి మందుండెను. బ్రతికినన్నాళ్లును తండ్రిగారు ఈ మాట చెప్పి నవ్వెడివారట. మాకును నవ్వు వచ్చినది గాని, పిమ్మట ఆలోచింపగా, కొన్నవారెఱుగని మేలు దాగియుండుట ఈ చిన్నదీపము చరిత్రయందంతటను కానవచ్చినది.

పుట్టినప్పుడు దీనినుండి ఆశింపదగినది స్వల్పము. 1866లో ఫ్రెంచి దేశస్థుడగు లెక్లాంషే తయారుచేసిన విద్యుద్ఘటము ద్రవముతో నిండినది. చేతబట్టుకొని తిరుగుటకు వీలులేనిది. ఇరువది యేండ్ల పిమ్మట కార్ల్ గాస్నర్ అను జర్మను వైద్యుడు ఆ ద్రవమును ముద్దగా మార్చి, తుత్తునాగపు గిన్నెలో బిగించి, ఎటు వంచినను ఒలుకని పొడిఘటమును చేసెను. మనము సెల్లు అని పిలుచునది దాని సంతతియే. 1899 జనవరి 10వ తేదీన న్యూయార్కు నగరమున డేవిడ్ మిసెల్ అను నతనికి, గొట్టములో సెల్లులను వరుసగా పేర్చి ముందు బల్బు నమర్చిన దీపమునకు పేటెంటు లభించినది. కాన్రాడ్ హ్యూబర్ట్ అను వలసవచ్చిన వర్తకుని సంస్థ దానిని తయారుచేసి ఆ నగరపు పోలీసులకు కొన్నింటి నిచ్చినది. నాటి సెల్లులు దుర్బలములు. బల్బులోని బొగ్గుతీగ తిండిపోతు. కావున దీపమును క్షణకాలము వెలిగించి ఆర్పవలెను. అమెరికావారు దీనికి ‘ఫ్లాష్ లైటు’ అని పేరుపెట్టుటకు కారణ మిదియే. ఆంగ్లేయులు ‘టార్చి’ అనిరి, అనగా దివిటీ. ఒకరు దానిని మెఱుపనిరి. మఱియొకరు దివిటీ యనిరి. 1910 ప్రాంతమున టంగ్‌స్టెను తీగ వచ్చిన పిమ్మట మెఱుపు నిజముగనే దివిటీ యైనది.

దీనిలోని సెల్లు స్వభావమును గూర్చి మన యిండ్లలోని ముసలమ్మలకు తెలిసినది పాఠశాలలో చదివినవారికి తెలియదు. తెలుగు దేశమున నేమి, ఆ దక్షిణ మండలములలో నేమి, సన్నగిల్లిన సెల్లులను ఎండలో పెట్టుట పూర్వాచారము. మా బాల్యమున మేమును అటుల చేసి, ఒకటి రెండు రాత్రులు అదనముగ వెలుగు పొందితిమి. ఇది మూఢవిశ్వాసము కాదు. కరెంటు ప్రవహించుచుండగా సెల్లు నడుమనున్న బొగ్గుకడ్డీ చుట్టును ఉదజని చేరి అడ్డుపడును. దానిని తొలగించుటకై మాంగనీసు డయాక్సైడు అను నల్లనిపొడిని చుట్టును కూరియుందురు. కాని అది మెల్లగ పనిచేయును. దీపము నార్పి కొంతసేపు విశ్రాంతి నిచ్చినయెడల అడ్డు తొలగి వెలుగు మరల హెచ్చును. ఎండవేడిమి ఈ పనిని త్వరపెట్టును. క్రొత్త సత్త్వము నేదియు పుట్టింపదు. లోపల మిగిలియున్నదానిని వాడుకకు తెచ్చును. ఐన నొక జాగ్రత్త. సెల్లుయొక్క తుత్తునాగపు గిన్నెయే అది తినునట్టి ఆహారము. తిని తిని గిన్నె తూటుపడినచో ముద్ద కాఱి ఇత్తడిని పచ్చవాఱజేయును. పల్లడపు వృద్ధుడు వాడని నెలలలో సెల్లులను తీసి వేఱుగ నుంచును. ఆ దీపము దీర్ఘాయువునకు సగము కారణము ఇత్తడి. తక్కిన సగము ఈ యలవాటు.

ఇక ఈ దీపము ఆ తెలుగువారికి అంత యవసరమైన దెట్లు? అది తెలియవలెనన్న ఆ నేలను గూర్చి కొంత చెప్పవలెను. 1529 ప్రాంతమున విజయనగర ప్రభువుల పక్షమున విశ్వనాథ నాయకుడు మధుర నేలుటకు వచ్చిననాటినుండి, అంతకు పూర్వమునుండియు, తెలుగు కుటుంబములు దక్షిణమునకు తరలినవి. ఆ రాజ్యము 72 పాళెములుగ విభజింపబడెననియు, వానిలో పెక్కింటికి తెలుగు నాయకులు పాళెగాండ్రై యుండిరనియు చరిత్ర చెప్పుచున్నది. కమ్మవారు, బలిజలు, రాజకంబళము వారు, దేవాంగులు ఆ మండలములయందు స్థిరపడిరి. వారు నేడును ఇంట తెలుగు మాటలాడుదురు. చదువుట, వ్రాయుట అరవమున. ఆ వలస కథను అరవమున నవలగా వ్రాసిన కి. రాజనారాయణన్ గారు (1923–2021) ఇంట తెలుగు మాటలాడు కుటుంబమువారే. ‘గోపల్ల గ్రామం’ 1976లో వెలువడినది. వలసవచ్చినవారికి దొరికినది కావేరీ తీరపు మాగాణి కాదు. కోయంబత్తూరు సీమ పడమటి కొండల వానచాటున నున్న మెట్టసీమ. రాతిని తొలిచి లోతైన బావులు త్రవ్వి, ఎద్దులతో మోటతోలి పైరు బ్రతికించుకొనిరి. బావి వారికి బ్రతుకు. బావికి పోవు బాట వారి రాజమార్గము.

1932లో నీలగిరులయందు పైకారా జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించుటతో ఆ సీమ రూపు మాఱినది. అంతకు పూర్వమే అచ్చట నూలుమిల్లులు కొన్ని యుండెను, జి. కుప్పుస్వామి నాయుడుగారి లక్ష్మీ మిల్లు 1910 నాటిది. కొండమీదినుండి కరెంటు దిగినపిమ్మట మిల్లులు వేగముగ పెరిగినవి. మోటతోలు ఎద్దుల స్థానమున మోటారులు వచ్చినవి. ఆ మోటారుల కథ చెప్పునప్పుడు జి. డి. నాయుడుగారిని తలపకుండుట కృతఘ్నత. 1893లో కోయంబత్తూరు చెంత కలంగల్ గ్రామమున జన్మించిన ఈ తెలుగుబిడ్డ బడి చదువును పూర్తిచేయలేదు. ఒక దొర మోటారుసైకిలును చూచి ముచ్చటపడి, కూలిపని చేసి రూకలు కూడబెట్టి దానిని కొని, విప్పి, మరల కూర్చెను. 1920లో పొల్లాచి, పళని నడుమ ఒక బస్సును తానే నడపి మోటారు వ్యాపారమున ప్రవేశించెను. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి స్వదేశముననే విద్యుత్తు మోటారును నిర్మించెను. మన ప్రస్తుత విషయమునకు ముఖ్యమైనది వేఱొకటి: ఆయన ‘రాసంట్’ అను క్షురయంత్రము. దానిలోని చిన్న మోటారు టార్చిలైటులో వేయునట్టి పొడిఘటములతో నడచును. లోకమంతయు సెల్లునుండి కొంచెము వెలుగును మాత్ర మాశించుచుండగా, ఆయన దానియందు యంత్రబలమును చూచెను. అల్పవస్తువునుండి అధికము రాబట్టుట ఆయన విద్య. 1974లో ఆయన దివంగతులైరి.

ఐతే మోటారు వచ్చుటతో రైతు కొక క్రొత్త కష్టము వచ్చినది. ఎద్దులు పగలు పనిచేసి రాత్రి పండుకొనును. మోటారునకు రాత్రి లేదు. దానికి కరెంటు వచ్చినదే పగలు. వ్యవసాయమునకు త్రీఫేజు విద్యుత్తును వంతులుగ విభజించి, పగలు కొన్ని గంటలు, రాత్రి కొన్ని గంటలు ఇచ్చు పద్ధతి ఆ రాష్ట్రమున దీర్ఘకాలము సాగినది. 1990 నాటినుండి వ్యవసాయపు మోటారులకు విద్యుత్తు ఉచితము. రైతు రూకలు చెల్లింపనక్కఱలేదు. కాని అర్ధరాత్రి లేచి చీకటిలో చేలగట్లపై నడచి, ఆ విద్యుత్తునకు కాళ్లతో వెల చెల్లించెను.

పల్లడపు వృద్ధుని తండ్రి టార్చిలైటు కొన్నది అట్టి పనికే. ఐనను దానిని మితముగ వాడెడివాడు. తెలిసిన బాటయే కదా యని దీపము నార్పి నడచుట, మోటారు కొట్టమున మాత్రము వెలిగించుట ఆయన వాడుక. సెల్లుల వెల అట్టిది. ఒకనాటి రాత్రి పదియేండ్ల కుమారుడు వెంటబడి, చీకటికి జడిసి, దీపము వెలిగింపుమని మారాము చేసెను. తండ్రి విసుగుతో మీట నొక్కెను. కాలువగట్టుపై రెండడుగుల దూరమున, ఎండిన తాటాకువలె, రక్తపింజరి చుట్టుకొని యుండెను. ఆ దినమునుండి తండ్రి సెల్లుల వెల లెక్కింపలేదు. ఈ కథ ఇచ్చట ముగిసినచో ముచ్చటగ నుండును, ముగియలేదు. మఱుసటి యేడు అదే గట్టుపై, అదే వేళ, వారి యొద్ద నీరు పాఱించు కూలివాడు పాము కఱచి మరణించెను. “వానికి లైటు లేదయ్యా” అని వృద్ధుడు చెప్పి, కొంతసేపు ఊరకుండెను. మేమును ఏమియు అడుగలేదు.

ఇది ఒక యూరి కథ కాదు. 2000 మొదలు 2019 వరకు గల ఇరువది యేండ్లలో మన దేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది, అనగా సగటున ఏటికి 58,000 మంది, మరణించిరని 2020లో వెలువడిన యొక పరిశోధన తేల్చినది. వారిలో అత్యధికులు పల్లెలవారు. మరణములు మిక్కిలిగ నున్న ఎనిమిది రాష్ట్రములలో తెలంగాణముతో కలిసిన ఆంధ్రదేశ మొకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగును ఈ మరణములకు ముఖ్యకారణములు. కట్లపామును రక్తపింజరియు రాత్రులందు ఎక్కువగ సంచరించును. ప్రపంచారోగ్య సంస్థ 2017లో పాముకాటును ఉపేక్షిత వ్యాధుల పట్టికలో చేర్చినది. దాని నివారణోపాయములలో రాత్రి నడచునప్పుడు దీపము పట్టుకొనుట యొకటి. భారత ప్రభుత్వము 2024లో ఒక జాతీయ ప్రణాళికను ప్రకటించినది; ఆ యేడే తమిళనాడు ప్రభుత్వము ప్రతి పాముకాటును ఆస్పత్రులు విధిగ తెలుపవలెనని ఉత్తరువు చేసినది. దీపమును చూచి పాము పాఱిపోవునని కొందఱు తలంతురు, అది పొరపాటు. దీపము పామును తఱుమదు. మన పాదము ఎచ్చట పడనున్నదో కంటికి చెప్పును, అంతియే. ఆ కొంచెమే ప్రాణము.

కోయంబత్తూరునుండి మధురకు పోయినపిమ్మటను ఈ దీపము మమ్ము వదలలేదు. చిత్రానక్షత్రపు నెలలో అళగరు స్వామి కొండనుండి కదలి సుమారు ఇరువది కిలోమీటర్ల దూరము వచ్చి వైగైనదిలో దిగు నుత్సవమును ఎఱుగని తెలుగువారు మధురలో నుండరు. అళగరు యాత్రను మీనాక్షీ కల్యాణముతో జతపఱచిన వాడు తిరుమల నాయకుడని (1623–1659) ఆ నగరపు ప్రతీతి. గుడ్డలను చుట్టి చేసిన ‘తిరి’ యను దివిటీలను పట్టుకొని భక్తులు స్వామి ముందు ఆడుచు పోవుదురు. ఆ దివిటీ వెలుగు దేవునికి. వెనుక నడచు సామాన్యుని కాలికి దారి చూపునది వాని చంకసంచిలోని టార్చిలైటు. ఒక తెలుగు నేతగాని యింట మేము చూచిన టార్చిలైటు అటుల ఉత్సవమునకని కొన్నదే. ఏటి కొక రాత్రి పనికివచ్చిన చాలునని కొనిరట.

ఆ రాత్రులు ఎట్లు పెరిగినవో మన రాజధాని వాసులు తెలిసికొనవలెను. 2012లో తమిళనాడున కరెంటు కొఱత మిక్కుటమైనప్పుడు చెన్నపురిలో దినమునకు రెండు గంటలు దీపము లాఱినవి. మన మందఱమును విసిగి పత్రికలకు లేఖలు వ్రాసితిమి. అదే కాలమున కోయంబత్తూరు, మధుర మండలములలో పది గంటలకు మించి చీకటి. కోయంబత్తూరున మోటారులు, పంపులు తయారుచేయు చిన్న కార్ఖానాలు పనిలేక మూతబడిన దినములు పెక్కు. ఆ నేతగాని భార్య ఉత్సవపు టార్చిలైటును మగ్గముకడకు తెచ్చినది అప్పుడే. గుంటమగ్గమున పడుగుపోగు తెగినచో, వేలకొలది పోగులలో దానిని వెదకి ముడివేయవలెను. ఆమె దీపమును పైనుండి కాక, పడుగునకు ప్రక్కగ, నేలబారుగ పట్టెను. తెగిన పోగు వ్రేలాడి నీడవేసెను. కన్ను వెంటనే పట్టెను. ఇంటి కప్పునకు వ్రేలాడు విద్యుద్దీపము క్రింద అంతకాలము కనులు చికిలించి వెదకిన పని ఇంత సులువని ఆమె యెఱుగదు. కరెంటు కొఱత తీఱినది గాని టార్చిలైటు మగ్గమును విడువలేదు. దీపమును క్రిందుగ పట్టినచో నీడలు సాగి, చిన్న మిట్టయు పెద్దగ కనబడుననుట పల్లడపు రైతునకును తెలిసిన రహస్యమే. ఆయన టార్చిలైటును మోకాలి యెత్తుననే పట్టుకొని నడచెను. మన పాఠకులు దీనిని గుర్తుంచుకొన్నచో ఎప్పుడైన పనికివచ్చును.

న్యాయవాద వృత్తియందుండుటచే మాకు టార్చిలైటుతో వేఱొక పరిచయము కలదు. రాత్రి జరిగిన దొంగతనములు, కొట్లాటలు, హత్యలు విచారణకు వచ్చినప్పుడు, “చీకటిలో నిందితుని నీవెట్లు గుర్తించితివి?” అను ప్రశ్నకు సాక్షి చెప్పు నుత్తరము పెక్కుమాఱులు టార్చిలైటే. అంతట ప్రశ్నలు వరుసగ వచ్చును. ఆ దీపమును పోలీసులకు చూపితివా? అది వెలుగు స్థితిలో నుండెనా? నీకును అతనికిని ఎంత దూరము? అతడు నీకు పూర్వపరిచితుడా? దీపము నీ చేతిలో నుండెనా, అతని చేతిలోనా? ఈ కడపటి ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది. దీపము పట్టినవాడు ఎదుటివానిని చూడగలడు. కన్నులలో వెలుగు పడినవానికి దీపము వెనుకనున్న ముఖము కానరాదు. 1872 నాటి సాక్ష్య చట్టము పోయి 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినను ఈ ప్రశ్నలు మాఱలేదు. గొడ్లను చూచుకొనుటకు కొన్న దీపము ఒక నిరపరాధి ప్రాణమును కాపాడుట కలదు. అబద్ధపు సాక్షి నోట బడి నిరపరాధిని చెఱసాలకు పంపుటయు కలదు. మేలు దీపములో నున్నది నిజము; కాని పట్టిన చేయి ఎట్టిదో కూడ చూడవలెను.

నేటి టార్చిలైటు సంగతి చెప్పక విడుచుట న్యాయము కాదు. పూర్వపు తీగబల్బు సెల్లునుండి గ్రహించిన బలమున తొమ్మిది పాళ్లకు మించి వేడిగ వ్యర్థపఱచి, మిగిలిన కొంచెమును వెలుగుగ నిచ్చెడిది. నీలకాంతి నిచ్చు ఎల్. ఇ. డి. ని సాధించి, దాని మూలమున తెల్లని వెలుగునకు దారి తీసిన అకసాకి, అమానో, నకమురా అను మువ్వురికి 2014లో నోబెల్ బహుమాన మిచ్చిరి. స్టాక్‌హోమునందు వారికి సన్మానము జరిగినప్పుడు దాని ఫలము పల్లడపు గట్టునకు చేరియే యున్నది. వృద్ధుని మనుమడు ఇత్తడి టార్చిలైటులోని తీగబల్బును తీసి అంతే కొలతగల ఎల్. ఇ. డి. బల్బును బిగించెను. పూర్వము వారములో సన్నగిల్లు సెల్లులు ఇపుడు నెలలు వచ్చుచున్నవట. అందులో పట్టు పెద్దసెల్లు కొలత 1898 నాటిది. నేటికిని ఏ దుకాణముననైన దొరకును. తాత కాలపు గొట్టము, ముత్తాత కాలపు కొలత, మనుమని కాలపు వెలుగు ఒక్కచోట ఇమిడినవి. కొలతలను స్థిరముగ నుంచుటలోని లాభమునకు ఇంతకంటె సాక్ష్యము మాకు తెలియదు.

అట్లని అంగడిలో దొరకు ప్రతి దీపమును మెచ్చుకొనుట మా యుద్దేశము కాదు. పెట్టెపై పెద్ద యంకెలు వేసి, లోపల అల్పమైన సెల్లు నుంచి అమ్ము వర్తకులు నేడు పెక్కురు. అమెరికాయందు 2009లో ‘ఎఫ్. ఎల్. 1’ అను ప్రమాణ మేర్పడినది. దాని ప్రకారము పెట్టెపై వ్రాసిన దూరమనగా, ఆ దూరమున వెలుగు పున్నమి వెన్నెలపాటిగ నుండునని యర్థము. పట్టపగలువలె కనబడునని కాదు. వెలుగు కాలమనగా తొలి వెలుగులో పదవవంతునకు తగ్గువఱకు గడచు కాలము. కడవఱకు ఒకే తీరున వెలుగునని కాదు. ఈ రెండు మాటలు తెలిసికొని కొన్నవాడు మోసపోడు. ఎక్కువ చెప్పి తక్కువ యిచ్చు వస్తువు మొదటి రాత్రి సంతోషపెట్టి తక్కిన రాత్రులు ఏడిపించును. ఏమియు చెప్పక, తన అడుగు మూతలో అదనపు బల్బును దాచియుంచిన ఆ ఇత్తడి టార్చిలైటును చేసిన పనివాడు ఎవడో మాకు తెలియదు గాని, వానికి నమస్కరింపవలె ననిపించినది.

ఇంతకును మేము చెప్పదలచినది దీపపు స్తోత్రము మాత్రము కాదు. టార్చిలైటు తన్ను కొన్నవారు తలచినదానికంటె మేలు చేసినది. ఆ మేలును చూపి మన మేలిక చాలునని ప్రభుత్వములు ఊరకుండరాదు. రైతు రాత్రివేళ గట్టుపై నడువనక్కఱలేకుండ చేయుట సాధ్యమే. తెలంగాణ ప్రభుత్వము 2018 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల విద్యుత్తు నిచ్చుటకు పూనుకొన్నది. 2019లో కేంద్ర ప్రభుత్వము ‘కుసుమ్’ అను పథకముచే సౌరశక్తితో నడచు పంపులకు సాయము చేయ నారంభించినది. సూర్యుడు పగలే వెలుగును; కావున సౌరపంపు పగలే నడచును. ఇతర విషయములలో లోపమనిపించు ఈ గుణము రైతు కాలికి వరము. ఎచ్చటనైన రాత్రి వంతు తప్పనిసరియైనచో, బావి యజమానుడు నీరు పాఱించు కూలికి ఒక టార్చిలైటును, ఒక జత బూట్లను ఇచ్చుట విధియని మేము తలంచుచున్నాము. మోటారునకు కొట్టము కట్టించువారికి ఈ ఖర్చు లెక్కలోనిది కాదు. ప్రాథమిక చికిత్సాలయములలో విషమునకు విఱుగుడు మందు ఎల్లవేళల నుండవలెననుట వేఱుగ చెప్పనక్కఱలేదు.

మేము సెలవు తీసికొని బయలుదేరుచుండగా వృద్ధుడు మరల మమ్ము బస్సుదారివఱకు సాగనంపెను. పగటివేళ యైనను టార్చిలైటు చంకలో నుండెను, అలవాటట. “ఇంత మంచి లైటు మా యింట ఇంకొకటి లేదు” అని మేము మెచ్చుకొంటిమి. ఆయన కొంత యాలోచించి యిట్లనెను: “మంచిదే అయ్యా. కరెంటు పగలే ఇచ్చివుంటే ఇది ఎప్పుడో అటకెక్కేది. అట్లా ఎక్కినా నాకు బాధ లేదు. వాడు బ్రతికేవాడు.”